ఒక్క ఫజ్ పెడల్ కోసం పదకొండు వారాలు

జూన్ 7

మాది ముగ్గురి బ్యాండు. గిటార్, డ్రమ్స్, బేస్. బేస్ నాది. పోయిన వారం రిహార్సల్ రికార్డింగ్ వింటూ గిటార్ వాడు అన్నాడు: "నేను సోలో మొదలుపెట్టగానే నువ్వు ఇంటికి పోయినట్టుందిరా." నిజమే. అంతసేపూ వాడి కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) కప్పిన చోటంతా ఒక్కసారిగా ఖాళీ అవుతోంది. నేను వాయిస్తూనే ఉన్నాను, కానీ ఒంటి తీగ శబ్దం ఆ ఖాళీని నింపడం లేదు.

ఫజ్ కావాలని తేలిపోయింది, అంటే బేస్ శబ్దాన్ని కావాలనే చెదరగొట్టి గరుకుగా, లావుగా చేసే కాలి పెడల్. బడ్జెట్ పది వేలు. పెడల్ బోర్డు మీద మిగిలింది ఒకే చోటు. దాంతో మూడు పనులు జరగాలి. సోలో కింద గోడలా నిలబడే లావు శబ్దం ఒకటి. చరణాల్లో గొంతు కాస్త జీరపోయినంత గరుకుదనం రెండోది. మా సొంత పాట మొదట్లో సింథ్‌లా బుసకొట్టే శబ్దం మూడోది. నా బేస్ ప్యాసివ్ పి-బేస్ (లోపల బ్యాటరీ సర్క్యూట్ లేనిది), ఒకే పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంత ముక్క).

జూన్ 14

ముందు పరీక్ష పద్ధతి కుదుర్చుకున్నాను. వాయిస్తూ నాబ్‌లు తిప్పడం కుదరదు కాబట్టి లూపర్‌ని (వాయించింది రికార్డ్ చేసి మళ్లీ మళ్లీ మోగించే పెడల్) అన్నిటికంటే ముందు పెట్టాను. లూప్‌లో నాలుగు ముక్కలు రికార్డ్ చేశాను: ఖాళీ ఇ తీగ మోగనిచ్చి వదిలేయడం, ఆక్టేవ్‌లు (అదే స్వరం పై స్థాయిలో), మ్యూట్ చేసిన వేగం నోట్లు, పన్నెండో ఫ్రెట్ పైన రెండు తీగలు కలిపి ఫిఫ్త్ (స, ప కలిపినట్టు). ఇక లూప్ దానంతటది తిరుగుతుంటే నేను కింద కూర్చుని రెండు చేతులా నాబ్‌లు తిప్పుకోవచ్చు.

ఒక జాగ్రత్త. పెడల్ ఆన్ చేసినప్పుడూ ఆఫ్ చేసినప్పుడూ వాల్యూమ్ ఒకటే ఉండేలా సరిచేశాకే తీర్పు చెప్పాలి. కాస్త గట్టిగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. మొదటి రోజు నేనే మోసపోయాను.

జూన్ 21

సెకండ్ హ్యాండ్‌లో బెరింజర్ ఎస్ఎఫ్300 దొరికింది, రూ. 1,800. ప్లాస్టిక్ డబ్బా, బాస్ కంపెనీ పాత ఎఫ్‌జెడ్-2 సర్క్యూట్‌కి నకలు. ఫజ్ 1, ఫజ్ 2, బూస్ట్ అని మూడు మోడ్‌లు. పైన లో (కింది స్వరాలు), హై (పై స్వరాలు) వేర్వేరుగా తిప్పుకునే ఈక్యూ కూడా ఉంది. ఆ ధరకి ఇంత అడుగు (కింది స్వరాల బరువు) ఇచ్చేది ఇంకోటి నేను చూడలేదు. లో నాబ్ సగం దాటిస్తే బీరువా అద్దం ఊగుతోంది. పన్నెండో ఫ్రెట్ పైన వాయిస్తే పై ఆక్టేవ్ కూడా సన్నగా పలుకుతుంది. మూడో పని దీనితో అయిపోయినట్టే.

రెండో పనికి మాత్రం ఇది పనికిరాదు. గెయిన్ (గరుకు మోతాదు) సున్నాకి తెచ్చినా గొంతు తగ్గించి మాట్లాడటం తెలియని మనిషిలా ఉంది.

జూన్ 28

స్నేహితుడి ఫజ్ ఫేస్ రెండు రోజులు తెచ్చుకున్నాను. 1966 నాటి డిజైన్, లోపల రెండే ట్రాన్సిస్టర్లు. దీని గొప్పతనమంతా గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గిస్తే గరుకు దిగిపోయి దాదాపు క్లీన్ అయిపోవడంలోనే ఉంది. లూపర్ పెట్టి చూస్తే ఆ గుణం మాయమైంది! పెడల్ పాడైందేమో అనుకున్నాను. కాదు, ఈ సర్క్యూట్‌కి ముందు నేరుగా పికప్ ఉండాలి. మధ్యలో బఫర్ (పికప్‌నీ పెడల్‌నీ విడదీసి సిగ్నల్‌ని అందించే మెట్టు) ఏదొచ్చినా, అది లూపర్‌ది కానీ యాక్టివ్ బేస్‌లోని ప్రీయాంప్ కానీ, వాల్యూమ్ నాబ్‌కి స్పందించడం పోతుంది. లూపర్ తీసేసి నేరుగా పెడితే బాగుంది. కానీ నా బోర్డులో మొదటి చోటు ట్యూనర్‌ది, దాంట్లోనూ బఫర్ ఉంది. తిరిగి ఇచ్చేశాను.

ఫజ్ అంటే గిటార్ వాళ్ల సొత్తు, బేస్‌కి అరువు తెచ్చుకున్నాం అనుకుంటారు చాలామంది. అసలు కథ తిరగేసి ఉంది. అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక కంట్రీ పాట రికార్డింగులో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానల్ చెడిపోయి శబ్దం బరబరమంది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ పాట విడుదలైంది. ఆ ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో తయారుచేస్తే, 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అని పెడల్‌గా అమ్మారు. కాబట్టి ఎవరైనా అడిగితే మనం ధైర్యంగా మాట్లాడొచ్చు.

జులై 5

ఎలక్ట్రో-హార్మోనిక్స్ గ్రీన్ రష్యన్ బిగ్ మఫ్, చిన్న సైజుది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రూ. 5,500. బేస్ వాళ్లు బాగా ఇష్టపడే 90ల నాటి సోవ్‌టెక్ మఫ్‌ని అదే కంపెనీ మళ్లీ తెచ్చింది. నాబ్‌లు మూడే: వాల్యూమ్, టోన్, సస్టెయిన్ (ఫజ్ మోతాదు). ఇంట్లో ఒక్కణ్నే వాయిస్తే అద్భుతం. నోటు మొదలైతే ఆగదు, వెల్వెట్ తెరలా పరుచుకుంటుంది. రాత్రి పదకొండు దాకా వాయించి, అమ్మ వచ్చి "ఆ గ్రైండర్ ఇంక ఆపరా" అంటే లేచాను.

వెతుకులాట అయిపోయింది అనుకుని పడుకున్నాను.

జులై 12

అవలేదు.

జామ్ రూమ్‌లో నాలుగు పది అంగుళాల స్పీకర్ల క్యాబినెట్. సోలో రాగానే మఫ్ నొక్కాను. నా కాళ్ల కింద నేల అదిరింది కానీ బేస్ వినపడలేదు. డ్రమ్మర్ తల ఎత్తి నా వైపు చూశాడు, కేబుల్ ఊడిందేమో అన్నట్టు. ఫోన్‌ని గది అవతలి మూల పెట్టి రికార్డ్ చేసుకున్నాను కాబట్టి ఇంటికొచ్చి విన్నాను. మఫ్ నొక్కిన చోట బేస్ గట్టిగా అవడం పోయి, సన్నటి చిరచిర ఒకటి మిగిలింది. గిటార్ కింద అదీ సగం మునిగిపోయింది. ఆఫ్ చేసిన చోట మళ్లీ బేస్ హాయిగా వినిపిస్తోంది.

రెండు రోజులు తల పట్టుకుంటే అర్థమైంది ఇది. ఇ తీగ మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్. దాన్ని ఫజ్‌లో తొక్కి పట్టి అల నెత్తి కోసేస్తే పైన 82, 123, 164 అంటూ పైస్వరాలు బోలెడు పుడతాయి. నోటులోని బలంలో కొంత అటు పోతుంది. మఫ్ టోన్ సర్క్యూట్ ఆ పైస్వరాల్లోనూ మధ్య భాగాన్ని, ముఖ్యంగా వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కలని, గుంటలా తవ్వేస్తుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ గుంటే తీయగా ఉంటుంది. బ్యాండులో గిటారూ స్నేర్ డ్రమ్మూ సరిగ్గా ఆ గుంటలోనే కాపురముంటాయి. పైగా నోటు మొదట్లో వేలు తగిలే 'టక్' అన్న దెబ్బని ఫజ్ చదును చేసేస్తుంది. కిక్ డ్రమ్‌తో నన్ను కలిపి కుట్టేది ఆ దెబ్బే.

చిత్రమేమంటే పైస్వరాలు శత్రువులు కాదు. మా అత్తయ్య తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూది దారం పెట్టి, వెంట్రుకవాసి జరుపుతూ కూర్చునేది. దాన్ని జీవ అంటారు. అది సరైన చోట కూర్చుంటేనే తీగ జుమ్మని పైస్వరాలు విప్పుతుంది, చెవికి శ్రుతి స్పష్టంగా తెలుస్తుంది. ఫజ్ చేసే పనీ ఇంచుమించు అదే. కాకపోతే తంబురాలో మూల స్వరం కింద అలాగే ఉంటుంది. నా దగ్గర పోయింది అదే.

జులై 19

ఈ వారం సంగీతం లేదు, కరెంటు పని. ఫజ్ ఆన్ చేయగానే రెండు రకాల రొద: పైన సన్నటి కీచు, కింద గుయ్‌మనే హమ్. అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూస్తే కీచు పోయింది. అంటే దోషం చవగ్గా తెప్పించిన అడాప్టర్‌ది. కానీ హమ్ అలాగే ఉంది. నా పికప్ హమ్‌ని కొట్టేసే రకమే, మరి ఎక్కణ్నుంచి? ఆంప్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పి చూస్తే ఎర్త్ వైరే కలపలేదు. మూడు రంధ్రాలు చూపించి రెండు వైర్లతో అమ్మారు! గోడకున్న ఎర్త్ ఉన్న సాకెట్‌కి మార్చాక హమ్ పోయింది. ఇది శబ్దం కోసమే కాదు, ప్రాణం కోసం కూడా చూసుకోండి, తీగలు మన చేతిలో ఉంటాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ జి స్వరం 49. జి శ్రుతి పాటల్లో ఇన్నాళ్లూ ఈ హమ్ నాతో కలిసి వాయించిందన్నమాట.

జులై 26

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, ఎలక్ట్రానిక్ సామాను దొరికే చోటు. బజ్ ఫస్ అని బేస్ కోసమే పుట్టిన బుల్లి సర్క్యూట్ ఉంది: ఒక ట్రాన్సిస్టర్, ఒక డయోడ్, ఒక 10కె రెసిస్టర్, రెండు కెపాసిటర్లు, వాల్యూమ్‌కి ఒక పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్). స్విచ్చూ జాక్‌లూ వదిలేస్తే సామానుకి వంద కూడా కాలేదు. దానికి కావాల్సిన ఎంపీఎస్ఏ13 ట్రాన్సిస్టర్ దొరకలేదు. "బీసీ547 పెట్టుకో అన్నా, నడుస్తది" అన్నాడు షాపతను. నడవలేదు. చెవి ఆనిస్తే తప్ప వినపడనంత శబ్దం. గంట తర్వాత వెలిగింది: చదును ముఖం మన వైపు ఉంచితే బీసీ547 కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్ (ఇక్కడ ట్రాన్సిస్టర్ మధ్య కాలు పేరు), ఎమిటర్. ఎంపీఎస్ఏ13వి దానికి తలకిందులు. తిప్పి సోల్డర్ చేశాక గర్జించింది. అతను చెప్పింది కరెక్టే, నేనే సరిగ్గా పెట్టలేదు.

శబ్దం మొరటు. నోటు చివర్లో మెల్లగా ఆరిపోదు, పుటుక్కున తెగుతుంది. నాకు నచ్చింది కానీ ఒకే రుచి.

ఆగస్టు 2

తెలిసినాయన దగ్గర ఎంఎక్స్ఆర్ బేస్ ఫజ్ డీలక్స్ ఒక రిహార్సల్‌కి అడిగి తెచ్చాను. దాని మీద డ్రై, వెట్ అని రెండు వేర్వేరు నాబ్‌లు. అసలు బేస్ శబ్దం ఒకటీ ఫజ్ ఒకటీ పక్కపక్కన నడుస్తాయి, దేన్ని ఎంత కలుపుకోవాలో మన ఇష్టం. సోలోలో నొక్కగానే బేస్ ఎక్కడికీ పోలేదు, దాని మీద ఒక గరుకు పొర పరుచుకుంది. డ్రమ్మర్ ఈసారి నన్ను చూడలేదు, వాయించుకుంటూ పోయాడు.

ఎన్ని రకాల శబ్దాలు ఇస్తుంది అని నెలన్నరగా నేను అడుగుతున్నది తప్పు ప్రశ్న. క్లీన్ శబ్దాన్ని బతకనిస్తుందా అని అడగాలి. అది ఉంటే ఒకే ఫజ్‌తో మూడు పనులూ నాబ్ తిప్పినంతలో అవుతాయి. లేకపోతే మూడు ఫజ్‌లున్నా ఒకే సమస్య మూడుసార్లు వస్తుంది.

కొనేసేవాణ్నే. కానీ మఫ్‌కీ బెరింజర్‌కీ పోను మిగిలింది రూ. 2,700. ఏ ఫజ్‌కైనా క్లీన్ దారి జోడించే రెడీమేడ్ పెట్టెలు కూడా ఉన్నాయి. బాస్ ఎల్ఎస్-2 అలాంటిదే, రెండు లూప్‌లని కలుపుతుంది. అదీ నా లెక్క దాటిపోతోంది. సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది కదా అనుకున్నాను.

ఆగస్టు 16

బ్లెండ్ పెట్టె, అంటే క్లీన్ శబ్దాన్నీ ఫజ్‌నీ కలిపేది, తయారైంది. ఒక టీఎల్072 చిప్, లోపల రెండు యాంప్లిఫయర్లు. అందులో ఒక సగం బేస్ సిగ్నల్‌ని రెండు దారులకి పంచుతుంది. ఒకటి నేరుగా 100కె లీనియర్ పాట్ ఒక చివరకి, రెండోది బయటున్న ఫజ్‌లోకి వెళ్లి తిరిగొచ్చి పాట్ రెండో చివరకి. మధ్య కాలు చిప్ రెండో సగం గుండా బయటికి. మఫ్ పెట్టాను, మొదటిసారే పనిచేసింది. మఫ్‌కి ముందు బఫర్ ఉన్నా ఫజ్ ఫేస్‌లా అలగదు.

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. సరదాకి బజ్ ఫస్ పెట్టి పాట్‌ని మధ్యకి తెచ్చేసరికి అడుగంతా ఊడిపోయి రేడియోలా అయింది. పాట్ ఏ చివరకి తిప్పినా బాగుంది, మధ్యలోనే పోతోంది. ఒకే ట్రాన్సిస్టర్ కాబట్టి బజ్ ఫస్ అలని తలకిందులు చేసి పంపుతుంది. క్లీన్ అల పైకి లేచేటప్పుడు ఇది కిందికి దిగుతుంది, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందరికంటే నష్టపోయేది అడుగు స్వరమే. ఇంకో టీఎల్072తో, తిరిగొచ్చే దారిలో అలని మళ్లీ తిప్పే మెట్టు ఒకటి కట్టి, చిన్న టాగుల్ స్విచ్ పెట్టాను. ఇలాంటి పెట్టె కొన్నా కట్టుకున్నా ఇలా అలని తిప్పే ఫేజ్ స్విచ్ ఉందో లేదో చూడండి. అది లేక మంచి పెడల్‌ని కూడా "అడుగు లేదు" అని అమ్మేసుకుంటారు.

ఆగస్టు 23

జామ్ రూమ్, మూడు గంటలు. క్యాబినెట్‌లో ట్వీటర్ (సన్నటి శబ్దాల చిన్న స్పీకర్) పూర్తిగా ఆఫ్. ఫజ్‌తో అది ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఆంప్ మిడ్స్ (మధ్య స్వరాలు) కొంచెం పైకి. గడియారం ముల్లు లెక్కలో నాబ్‌లు ఇవీ:

సోలో కింద: సస్టెయిన్ 10, టోన్ 1. బ్లెండ్‌లో క్లీన్ సగం కంటే కాస్త ఎక్కువ. సస్టెయిన్ ఎంత తగ్గిస్తే బ్యాండులో అంత లావుగా వినిపిస్తోంది, ఇంట్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం.

చరణాలకి: సస్టెయిన్ అడుగుకి, టోన్ 11, ఫజ్ వాసన తగిలేంత. విడిగా వింటే ఉందో లేదో తెలియదు, ఆఫ్ చేస్తే ఏదో తగ్గిందని తెలుస్తుంది.

సొంత పాట మొదట్లో: సస్టెయిన్ చివరకంటా, క్లీన్ సున్నా, బేస్ మీది టోన్ నాబ్ పూర్తిగా మూసి, పన్నెండో ఫ్రెట్ పైన. అక్కడ నేనొక్కణ్నే కాబట్టి మునిగిపోయే బాధ లేదు.

రికార్డింగ్ మళ్లీ అదే మూల నుంచి. గిటార్ వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని సోలో దాకా విని, "ఇంట్లనే ఉన్నవ్‌గా" అన్నాడు.

ఎస్ఎఫ్300 కొన్న ధరకే పోయింది. బజ్ ఫస్ అమ్మను. బ్లెండ్ పెట్టె ఇంకా అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బాలోనే ఉంది. స్విచ్ తొక్కినప్పుడల్లా బూటు తగిలి బ్లెండ్ నాబ్ ఫజ్ వైపు జరిగిపోతోంది. వచ్చే శనివారం కోఠీ వెళ్లి పొట్టి నాబ్ ఒకటి వెతకాలి.