గ్రిల్లు కొనడం ఒక పూట పని, దానికి గ్యాస్ పెట్టడానికి పదకొండు రోజులు

నిన్న రాత్రి మా పెరట్లో మొదటి పండుగప్ప చేప కాలింది. చేతులకు ఆ వాసన ఇంకా పోలేదు, గ్యాస్ ఆఫీసు మీద కోపమూ పోలేదు. రెండూ ఉండగానే రాసేస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చుట్టూ చేపల చెరువులు, ఇంటి వెనక కొబ్బరిచెట్లు. చిప్పల బొగ్గుకు కొదవ లేదు. కానీ మా అత్తయ్యగారికి పొగ పడదు, ఆయాసం వచ్చేస్తుంది. అందుకే గ్యాస్ గ్రిల్లే తీసుకుందామనుకున్నాను.

ఒక్క బర్నర్‌ది మాత్రం కొనకండి. రెండుంటే ఒకటి వెలిగించి, చేపను రెండోవైపు పెట్టి మూత వేయొచ్చు. చర్మం మాడకుండా లోపలిదాకా ఉడుకుతుంది. కిలోన్నర పండుగప్ప దగ్గర దగ్గర మూరెడు ఉంటుంది, అందుకని టేపు పట్టుకెళ్ళి జాలీ కొలిచాను. మావి నరసాపురం వైపు నుంచి ఉప్పుగాలి కొట్టే ఊళ్ళు, మామూలు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూడమంటారు చాలామంది. అంత తేలిగ్గా తుప్పు పట్టని 304 గ్రేడు స్టీలుకు అది అంటుకోని మాట నిజమే, కానీ చవకరకం 202కీ సాధారణంగా అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. జాలీ పోత ఇనుముది తీసుకున్నాను, వేడి నిలుస్తుంది. వాడాక తుడిచి నూనె రాస్తే చాలు.

ఇంటికొచ్చి పెట్టె విప్పాక మొదలైంది. దాంతో వచ్చిన రెగ్యులేటర్ మర తిప్పి బిగించే రకం. మన ఇంటి సిలిండర్‌కు పైనుంచి నొక్కితే టక్కున కూర్చునేది కావాలి. బజారులో స్టవ్‌ల షాపాయన ‘పెద్ద పొయ్యి కదమ్మా’ అంటూ పెళ్ళి వంటల భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ అంటగట్టాడు. వెలిగించగానే మంట బుస్సుమని నా మోచేతి ఎత్తు లేచింది. చేతి మీద వెంట్రుకలు కమిలాయి. ఒక్క ఉదుటున సిలిండర్ కట్టేశాను. తర్వాత చూస్తే గ్రిల్లు వెనక చిన్న ప్లేటు మీద గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్ అని ఉంది. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చేదీ సుమారు అంతే. ఆ ప్లేటు చదవకుండా ఎవరేమిచ్చినా తగిలించకండి.

సరే, సరైన చోటే అడుగుదామని గ్యాస్ ఆఫీసుకు వెళ్ళాను. గంటసేపు లైన్లో నిలబడ్డాను. మాది డబుల్ సిలిండర్ కనెక్షన్, రెండోదానికి ఇంకో రెగ్యులేటర్ ఇస్తారా, ఎంత కట్టాలి అని అడిగాను. కౌంటర్లో అతను తల ఎత్తలేదు.

‘‘దేనికి?’’

‘‘పెరట్లో గ్రిల్లుకండి.’’

‘‘హోటల్ పెడుతున్నారా? అయితే కమర్షియల్ తీసుకోండి.’’

వెనక ఎవరో నవ్వారు. ఇంట్లోకేనని చెప్పాను. అప్పుడు తలెత్తి, అందరికీ వినబడేలా అన్నాడు: ‘‘ఇవన్నీ మీకు తెలిసేవి కాదమ్మా. మగవాళ్ళెవరైనా ఉంటే పంపండి.’’ ఆ వెంటనే నా పక్కనుంచి వెనకాయన పుస్తకం అందుకున్నాడు.

కాపురానికొచ్చిన 22 ఏళ్ళలో మా ఇంట్లో సిలిండర్ మార్చింది నేనే. వాషర్ పోతే పక్కింటి పిన్నిగారు పిలిచేది నన్నే. పొయ్యి ముందు రోజూ నిలబడేది ఆడవాళ్ళు, గ్యాస్ సంగతి మాత్రం మగవాళ్ళకు తెలియాలట! ఆ రాత్రి అన్నం సయించలేదు. మూడో రోజు మావారు వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారట: ‘‘ఒక కనెక్షన్‌కు ఒకటే రెగ్యులేటరండి.’’ అంతే. ఆ ఒక్క ముక్క నాకు చెప్పడానికి వాళ్ళకు నోరు రాలేదు. మీరు వెళ్ళాల్సి వస్తే అడగాల్సింది కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, జవాబు దాని మీదే రాసిమ్మనండి. నేను ఆ పని చేయాల్సింది.

చివరికి దారి చూపింది సిలిండర్ వేసే అబ్బాయి. ‘‘ఆయ్, కొత్తదెందుకండమ్మా! వంటింట్లోది తీసి దీనికి పెట్టుకోండి. ఆ పూట వంట ఇక్కడేగా’’ అన్నాడు. ఐఎస్‌ఐ గుర్తున్న సురక్షా ట్యూబు, అంటే గ్యాస్ రబ్బరు గొట్టం, గ్రిల్లు నాజిల్‌కు సరిగ్గా సరిపోయింది. క్లిప్పులు బిగించి, సబ్బు నురగ ప్రతి అతుకు మీదా రాసి, బుడగ వస్తుందేమోనని ఇద్దరం వంగి చూశాం. రాలేదు. నేను సిలిండర్‌ను నూతి పక్కన పల్లంలో పెట్టాను. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పల్లంలోనే చేరుతుందని చెప్పి గట్టు మీదికి మార్పించాడు. లీకేజీకి ఫోన్ చేయాల్సిన 1906 నంబరు వంటింటి తలుపు వెనక సుద్దతో రాసుకున్నాను. పది నిమిషాల పని. డబ్బులిస్తే తీసుకోలేదు, మజ్జిగ తాగి వెళ్ళాడు.

నిన్న చేపకు గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి, అరటాకులో చుట్టి మూత వేశాను. ఆకు అంచులు నల్లబడేసరికి లోపల ముక్క వెన్నలా విడిపోయింది. అత్తయ్యగారు గ్రిల్లుకు రెండు బారల దూరంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒక్కసారి కూడా దగ్గలేదు. తలకాయ ముక్క తనకే కావాలన్నారు.