పాత ఎక్స్‌పీ కంప్యూటర్ పాడయ్యేలోపు వర్చువలైజేషన్ ఆన్ చేసుకోండి

విండోస్ 10 గానీ 11 గానీ వాడుతున్నవాళ్లు ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి చూడండి. కింద కోర్లు, క్యాష్ లాంటి వివరాల మధ్య వర్చువలైజేషన్ అని ఒక లైన్ ఉంటుంది. ఎనేబుల్డ్ అని ఉంటే సరే. డిసేబుల్డ్ అని ఉంటే మాత్రం, మీరు డబ్బు పెట్టి కొన్న ప్రాసెసర్‌లో ఒక మంచి సౌకర్యం వాడకుండా పడి ఉన్నట్టే.

దీని గురించి రాయడానికి నాకున్న అసలు కారణం డీటీపీ. మన ఊళ్లలో ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు పెట్టి ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన తెలుగు ఎంత ఉంటుందో ఆలోచించండి. పెళ్లి కార్డులు, కరపత్రాలు సరే, కవితా సంపుటాలు, గుడి చరిత్రలు, ఊరి చరిత్రలు, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న ఆత్మకథలు, ఇవన్నీ అలాగే తయారయ్యాయి. ఇందులో చాలా భాగం యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట్ల తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చోబెట్టిన ఫాంట్లు అవి, ఆ ఫాంట్ లేని మెషిన్‌లో తెరిస్తే కనిపించేది పిచ్చి గుర్తులే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. పేజ్‌మేకర్ నడిచే పాత విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది. అయినా ఈ ఫైళ్ల కోసమే మూలన ఒక పాత ఎక్స్‌పీ డబ్బాని బతికించుకుంటూ వస్తున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. దాని హార్డ్ డిస్క్ పోయిందంటే ఒక ఊరి సాహిత్యమే పోవచ్చు. నాకు నిజంగా టెన్షన్ ఇదే.

దీనికి నేను చెప్పే దారి ఒకటే, ఆ ఎక్స్‌పీని మీ కొత్త కంప్యూటర్లో వర్చువల్ మెషిన్‌గా, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌గా, పెట్టుకోవడం. అది హాయిగా నడవాలంటే మొదట చెప్పిన ఆ లైన్ ఎనేబుల్డ్ అని చూపించాలి.

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకే మెషిన్ మీద అనేక మెషిన్లు నడపడం ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ఎప్పుడో జరిగింది, వీఎమ్/370 వచ్చింది 1972లో. ఒక ప్రాసెసర్‌ని ఇలా వాడుకోవాలంటే దానికి ఏ లక్షణాలు ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఒక పేపర్లో తేల్చి చెప్పారు. సారాంశం ఏమిటంటే, లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మెషిన్ పరిస్థితిని మార్చే పని ఏది చేయబోయినా ప్రాసెసర్ అక్కడ ఆగి, ఈ వర్చువల్ మెషిన్లను నడిపే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. మన పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు ఈ ఒక్క నియమాన్ని పాటించలేదు. పాప్‌ఎఫ్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది, ఇంటరప్ట్‌లను, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలను, ఆపడానికి, మళ్లీ మొదలుపెట్టడానికి ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని వాడుకోగలదు. తగిన అధికారం లేని చోట దాన్ని నడిపితే ప్రాసెసర్ ఎర్రర్ ఇవ్వదు, హైపర్‌వైజర్‌ని పిలవదు, ఇంటరప్ట్‌ల సంగతి పట్టించుకోకుండా ముందుకెళ్లిపోతుంది. లోపలున్న సిస్టమ్ మాత్రం పని అయిపోయిందనుకుంటుంది. పెంటియంలో ఇలాంటి ఇబ్బందికరమైన ఇన్‌స్ట్రక్షన్లు 17 ఉన్నాయని 2000లో ఒక విశ్లేషణ లెక్క తేల్చింది.

అయినా 1999లో వీఎమ్‌వేర్ వాళ్లు మామూలు పీసీ మీద దీన్ని చేసి చూపించారు. లోపలి సిస్టమ్ కెర్నెల్ (దాని కేంద్ర భాగం) కోడ్‌ని నడుస్తుండగానే చదివి, ప్రమాదకరమైన ఇన్‌స్ట్రక్షన్లను అక్కడికక్కడే మార్చి రాసేవారు. సాఫ్ట్‌వేర్ చరిత్రలో నాకు బాగా నచ్చే పనుల్లో ఇదొకటి, ప్రాసెసర్ సహకరించకపోయినా కేవలం కోడ్‌తో సాధించారు కాబట్టి. తర్వాత ప్రాసెసర్ కంపెనీలే ముందుకొచ్చాయి. 2005 నవంబర్లో ఇంటెల్ రెండు పెంటియం 4 మోడళ్లలో వీటీ-ఎక్స్ పెట్టింది, 2006లో ఏఎమ్‌డీ తన ఏఎమ్‌డీ-వీ తెచ్చింది. దీంతో ప్రాసెసర్‌లోనే లోపల నడిచే సిస్టమ్ కోసం ప్రత్యేకంగా ఒక మోడ్ వచ్చింది. లోపలున్న ఎక్స్‌పీ తనదే మెషిన్ మొత్తం అనుకుంటూ కెర్నెల్ కోడ్‌ని నేరుగా ప్రాసెసర్ మీదే నడుపుకుంటుంది, పంచుకోవాల్సిన వస్తువు జోలికి వెళ్లినప్పుడు మాత్రం నియంత్రణ హైపర్‌వైజర్ చేతికొస్తుంది. ఇల్లంతా తనదే అనుకునే అద్దెకున్నవాడు మెయిన్ స్విచ్ దగ్గరికొచ్చేసరికి ఓనర్‌ని పిలవాల్సి వచ్చినట్టు. మెమరీ చిరునామాల లెక్కలు మాత్రం కొంతకాలం సాఫ్ట్‌వేర్ మీదే ఉండి నెమ్మదిగా సాగేవి, ఏఎమ్‌డీ 2007లో, ఇంటెల్ 2008లో నెహేలెమ్‌తో వాటినీ హార్డ్‌వేర్‌లోకి తెచ్చాక అసలైన వేగం కనిపించింది.

సెకండ్ హ్యాండ్‌లో పాత మెషిన్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ రోజుల్లో ఈ సౌకర్యం అన్ని మోడళ్లకీ ఇవ్వలేదు, కోర్ 2 క్వాడ్ క్యూ8200కి నాలుగు కోర్లున్నా వీటీ-ఎక్స్ లేదు. 2009లో విండోస్ 7తో వచ్చిన ఎక్స్‌పీ మోడ్‌కి (ఎక్స్‌పీని లోపల నడిపే సౌకర్యం) మొదట్లో ఇది తప్పనిసరి, చాలామంది మెషిన్లలో లేకపోవడంతో మైక్రోసాఫ్ట్ 2010 మార్చిలో ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు కాలం తిరగబడింది, వర్చువల్ మెషిన్లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 2019 చివర్లో వచ్చిన 6.1 నుంచి హార్డ్‌వేర్ సాయం లేకపోతే ఏ వర్చువల్ మెషినూ నడవదు.

ఆన్ చేయడం కష్టమేమీ కాదు, పేర్లే తికమకపెడతాయి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మీదుగా యూఈఎఫ్ఐ (కొత్త మెషిన్లలో బయోస్) సెట్టింగ్స్‌లోకి వెళ్లొచ్చు. ఇంటెల్ మెషిన్ అయితే ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో వీటీ-ఎక్స్ అనో ఉంటుంది. ఏఎమ్‌డీ అయితే ఎస్‌వీఎమ్ మోడ్ అంటారు, అది చాలా బోర్డుల్లో ఓవర్‌క్లాకింగ్ పేజీ లోపలెక్కడో దాక్కుని ఉంటుంది. తెనాలిలో డీటీపీ చేసే మా బావ ఫోన్ చేసి "ఇందులో వర్చువల్ అన్న మాటే లేదురా" అన్నది దీని గురించే. వీటీ-డీ అని కనిపించేది వేరు, ఈ పనికి అక్కర్లేదు. లోపలికి వెళ్లే ముందు మీ బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోండి, బయోస్ సెట్టింగ్ మారిస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ బూట్ అయ్యేటప్పుడు అది అడుగుతాయి.

విండోస్ నుంచే ఆన్ చేసే వీలు ఎందుకు లేదని కొందరు అడుగుతారు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడే బయోస్ ఈ సెట్టింగ్‌కి తాళం వేసేస్తుంది, మళ్లీ రీస్టార్ట్ అయ్యేదాకా ఎవరూ మార్చలేరు. అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. నడుస్తున్న విండోస్‌ని దానికే తెలియకుండా ఒక హైపర్‌వైజర్ కిందకి తోసేయొచ్చని భద్రతా పరిశోధకురాలు జోఅన్నా రుట్కోవ్‌స్కా 2006లో బ్లూ పిల్ పేరుతో చూపించింది, అది కూడా ఈ హార్డ్‌వేర్ సౌకర్యాన్నే వాడుకుని.

ఆన్ చేశాక విండోస్ 11లో ఇంకో చిక్కు రావచ్చు. కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా, డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లో లినక్స్ నడిపే సౌకర్యం) వాడుతున్నా విండోస్ తానే హైపర్-వీ అనే మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ మీద నడుస్తుంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్ నేరుగా దొరకదు, హైపర్-వీ ద్వారా వెళ్లాలి, కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. మెమరీ ఇంటెగ్రిటీ తీసేయమని చాలా వీడియోల్లో చెబుతున్నారు. నేను చెప్పను. బ్యాంకు పని కూడా చేసే మెషిన్‌లో ఆ రక్షణ తీసేయడం అనవసరం, పేజ్‌మేకర్‌కి తాబేలు వేగం చాలు.

ఇక ఎక్స్‌పీ. లైసెన్స్ ఉన్న మీ సొంత సీడీ నుంచే కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. నెట్‌లో దొరికే మార్చిన ఎక్స్‌పీ ఇమేజ్‌ల జోలికి వెళ్లకండి, వాటిలో ఏం కలిపారో చెప్పలేం. ఒక ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్ ఇస్తే ధారాళంగా సరిపోతుంది. డిస్క్ కంట్రోలర్ ఐడీఈగానే ఉంచండి, సాటాకి మారిస్తే ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ ఉండదు కాబట్టి నీలం తెర వస్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి, ఈ విషయంలో మొహమాటం వద్దు, ఇన్నేళ్లుగా సెక్యూరిటీ అప్‌డేట్లు లేని సిస్టమ్‌కి ఇంటర్నెట్‌తో పని లేదు. ఫ్లాపీ డ్రైవ్ కూడా తీసేయండి. ఫ్లాపీ ఎవరు వాడతారు అనుకోవద్దు, 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది సరిగ్గా అక్కడే, కెమూ అనే మరో వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్‌లోని వర్చువల్ ఫ్లాపీ కోడ్‌లో. అదే కోడ్‌ని వర్చువల్‌బాక్స్ కూడా వాడుకుంది, లోపలి మెషిన్ నుంచి బయటికి రావడానికి దారి దొరికింది. గోడ ప్రాసెసర్ కట్టినా పరికరాలన్నీ సాఫ్ట్‌వేర్‌తో చేసినవే, అందుకే అక్కర్లేని పరికరం ఉంచకపోవడమే మేలు.

పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డ్ అన్నీ ఎక్కించాక, ఒక పాత ఫైల్ తెరిచి ఒత్తులన్నీ సరిగా ఉన్నాయో చూశాక, ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో మెషిన్ ఉన్న స్థితికి కాపీ, తీయండి. కానీ స్నాప్‌షాట్ ఉంది కదా అని ఊరుకోవద్దు, అది కూడా అదే డిస్క్ మీద ఉంటుంది. ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో ఓవీఏ ఫైల్‌గా తీసి వేరే హార్డ్ డిస్క్‌లో పెట్టండి. రేపు వర్చువల్‌బాక్స్ నచ్చకపోతే వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్‌లోనూ దాన్ని తెరవొచ్చు, 2024 నుంచి అది ఉచితమే. ఇంట్లో ఎమ్ సిరీస్ మ్యాక్ మాత్రమే ఉన్నవాళ్లకి ఈ దారి పనికిరాదు, దాని ప్రాసెసర్ జాతే వేరు కాబట్టి ఎక్స్‌పీని ఎమ్యులేషన్‌లో (ప్రాసెసర్‌నే సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తూ) నెమ్మదిగా నడపాల్సిందే. అలాంటివాళ్లు ఒక పాత ఐ3 డెస్క్‌టాప్ కొనుక్కోవడం నయం.

ఇదంతా అయ్యాక ఒక్కో పుస్తకాన్నీ తెరిచి పీడీఎఫ్ తీయండి, వీలైనవాటిని యూనికోడ్‌లోకి మార్చండి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తడబడతాయి, అందుకే మార్చిన పాఠాన్ని సరిచూడటానికి పక్కన అసలు ఫైల్ తెరిచి ఉండాలి.