బ్రిటిష్ జాజ్ పుస్తకాల పిచ్చి

ఈమధ్య రాత్రిళ్లు బ్రిటిష్ జాజ్ వాళ్ల జీవితచరిత్రల మీద పడ్డాను. జాజ్ అంటే అమెరికాయే కదా, లండన్‌లో ఏముంటుంది అనుకునేవాళ్లకి ఈ పుస్తకాలు భలే మందు.

1930ల నడుమ నుంచి సుమారు ఇరవై ఏళ్లు అమెరికన్ బ్యాండ్లకి బ్రిటన్‌లో వాయించే వీలు దాదాపు లేదు. సంగీతకారుల యూనియన్ల గొడవ. మరి అక్కడి కుర్రాళ్లు బీబాప్ అనే వేగవంతమైన కొత్త అమెరికన్ జాజ్ వినేదెలా? అట్లాంటిక్ దాటే ఓడల్లో డాన్స్ బ్యాండ్ ఉద్యోగాలు పట్టారు. న్యూయార్క్‌లో ఓడ ఆగడం ఆలస్యం, క్లబ్బులకి పరుగు! అలా వెళ్లొచ్చిన సాక్సఫోన్ వాద్యకారుడు రోనీ స్కాటే 1959లో లండన్‌లోని సోహోలో సొంత జాజ్ క్లబ్బు తెరిచాడు.

నన్ను పట్టేసింది మాత్రం జో హారియట్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో నన్‌లు నడిపే బడిలో పెరిగి, 1951లో ఇంగ్లండ్ వచ్చిన ఆల్టో సాక్సఫోన్ విద్వాంసుడు. 1958లో టీబీతో ఆసుపత్రి మంచం మీద ఉండగానే ముందే గీసిన స్వరాల, తాళాల చట్రానికి కట్టుబడని ఫ్రీ ఫామ్ సంగీతానికి నమూనా ఆలోచించుకున్నాడట. తర్వాత కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్‌తో కలిసి, సితార్, తబలాల మధ్య తన సాక్స్ వినిపించాడు. 1973లో, 44 ఏళ్లకే పోయాడు. అమెరికన్ ఆల్టో సాక్స్ దిగ్గజం చార్లీ పార్కర్ ఒక్కడేనా, ఇక్కడా వాయించేవాళ్లున్నారు అన్న అర్థంలో ఆయన అన్న మాటే సమాధి రాయి మీద ఉంది. ఆ పొగరు నాకు తెగ నచ్చింది.

ఒకటే చిరాకు. ఇలాంటి పుస్తకాల్లో తాగుడు కబుర్లు, క్లబ్బు జోకులు బోలెడు. వాయించింది ఏమిటో చెప్పేది కాస్తే. పక్కన రికార్డు పెట్టుకుని చదవాల్సిందే. తర్వాతి వంతు మరో బ్రిటిష్ జాజ్ వాద్యకారుడు టబ్బీ హేస్‌ది: టెనార్ సాక్స్, ఫ్లూట్, వైబ్స్ (లోహపు పలకల మీద కొట్టి వాయించేది) మూడూ వాయించిన ఘనుడు.