కారు బ్యాటరీ నేనే మార్చుకున్నాను: నా అనుభవం

హైదరాబాద్‌లో బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తే చాలు, ఒక కుర్రాడు బైక్ మీద కొత్తది పట్టుకొచ్చి, పాతది పీకి, పావుగంటలో బిగించి వెళ్తాడు. బిగించినందుకు చాలాచోట్ల పైసా తీసుకోరు. మరి ఇంట్లో చేసుకోవడం దేనికని మావారే అడిగారు. డబ్బేమీ మిగలదు, నిజమే. కానీ ఆ పావుగంటలో ఆ కుర్రాడు అసలు పోయింది బ్యాటరీయేనా అని చూడడు. కారు ఆపి ఉన్నప్పుడు కరెంటు ఎటైనా పోతోందా అని చూడడు. కింద ట్రే తుడవడు. నాకు కావాల్సినవి అవే.

మాది కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్. చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెల్లార్‌లో ఉంటుంది. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను కాబట్టి కారు కదిలేది శని, ఆదివారాల్లోనే, అదీ రైతుబజారుకో, బంధువుల ఇంటికో. ఇలా కొద్ది దూరాలే తిరిగే కారులో బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయ్యేంత టైమ్ దొరకదు. దానికి తోడు మన ఎండలు. వేడికి లోపలి సీసం పలకలు త్వరగా పాడవుతాయి, నీళ్లు ఆవిరవుతాయి. మూడు నుంచి ఐదేళ్లు వచ్చిందంటే వచ్చినట్టే. మాది నాలుగేళ్లు దాటింది. మే నెలలో ఒక ఉదయం సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడే తప్ప ఇంజిన్ తిరగలేదు.

మా పై ఫ్లోర్‌లో ఒక అంకుల్ ఉన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. చప్పుడు విని వచ్చి, "అందాజాగా బ్యాటరీ కొనకమ్మా, ముందు మీటర్ పెట్టి చూడు" అన్నారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, రాణీగంజ్‌లో కొన్నది. డీసీ 20 వోల్టుల దగ్గర తిప్పి పెట్టి, ఎర్ర మొన ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించడమే. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక చూస్తేనే ఆ అంకెకు విలువ. 12.6 ఉంటే ఫుల్, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 లోపుంటే దాదాపు ఖాళీ. మాది 11.7 చూపించింది.

ఇక్కడే చాలామంది బ్యాటరీ పోయిందని తేల్చేస్తారు. 11.7 అంటే అది ఖాళీగా ఉందనే అర్థం, చచ్చిపోయిందని కాదు. అందుకని అంకుల్ వాళ్ల కారు పక్కన పెట్టి జంపర్ కేబుల్స్ వేశాం. ఎర్రది ముందు మా ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు, చివరి కొన మాత్రం మా బ్యాటరీకి కాకుండా దూరంగా, ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకు. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వ లేవకూడదు. స్టార్ట్ అయ్యాక మీటర్ పెడితే 14.2. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. దాన్ని అనుమానించక్కర్లేదు.

ఆ సాయంత్రం ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లొచ్చాం, బ్యాటరీ బాగా చార్జ్ అవ్వాలని. తెల్లారి చూస్తే మళ్లీ 12.1. సెల్ఫ్ కొడుతుండగా మావారు మీటర్ చూస్తూ "ఎనిమిదిన్నరకు పడిపోయింది" అని అరిచారు. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఆ క్షణంలో కూడా తొమ్మిదిన్నరకు పైనే నిలబడుతుంది. అంటే మాది చార్జ్ పట్టి ఉంచుకోవట్లేదు.

ఇంకొక్క అనుమానం మిగిలింది. కారు ఆపినా ఎక్కడైనా కరెంటు లాగుతుంటే కొత్త బ్యాటరీ కూడా ఇలాగే పడుకుంటుంది. మైనస్ వైరు తీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో కలిపాను. ఇలా కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ కాలిపోతుంది. లాక్ చేశాక కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి కొంత టైమ్ పడుతుంది, అరగంట ఆగి చూడాలి. 25 మిల్లీఆంపియర్లు వచ్చింది. 50 లోపు ఉంటే మామూలే. ఆ చిన్న అంకెను లెక్కేస్తే నాకే ఆశ్చర్యమేసింది: నెలరోజులు కారు కదపకపోతే 18 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) పోతాయి. బ్యాటరీ మొత్తం 35. అంటే ఏ లోపమూ లేకుండానే సగం ఖాళీ. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి కార్లు ఎందుకు మొరాయిస్తాయో అప్పుడు అర్థమైంది.

కొనడానికి వెళ్లే ముందు పాత దాని మీద నంబర్ ఫొటో తీసుకున్నాను: 38బి20ఎల్. 38 దాని శక్తికి సంబంధించిన అంకె, బి వెడల్పు, ఎత్తుల కొలత, 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి ఎల్ ప్లస్, మైనస్‌లు ఏ వైపు ఉన్నాయో చెప్తుంది. ఎల్‌కు బదులు ఆర్ తెచ్చుకుంటే వైర్లు అందవు. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజిన్ ఆగిపోయే కార్లకు మామూలు బ్యాటరీ పనికిరాదు, ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం కావాలి. మా కారుకు ఆ గొడవ లేదు.

"మన తిరుపతి దగ్గర తయారయ్యేదే తీసుకో" అన్నారు అంకుల్. అమరాన్ అన్నమాట. ఆయన సొంతూరు ఆ జిల్లానే, కాబట్టి ఆ సలహాను ఆ మేరకే తీసుకోవాలి. నాకు కంపెనీ కన్నా తయారైన తేదీ ముఖ్యం. షాపులో నెలల తరబడి కూర్చున్న బ్యాటరీ దానంతటదే చార్జ్ కోల్పోతుంది. కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూస్తానంటే షాపాయన వింతగా చూశాడు గానీ కాదనలేదు. మొదట ఇచ్చింది 12.3. వద్దని లోపలి నుంచి ఇంకొకటి తెప్పించాను, 12.6. పాతది తెచ్చిస్తే కొంత డబ్బు వెనక్కిస్తానని బిల్లు మీద రాసిచ్చాడు.

ఇక అసలు పని. కిందికి దిగగానే అంకుల్ నా చేతుల వంక చూసి, "గాజులు, ఉంగరం తీసెయ్యమ్మా, గొలుసు లోపలికి వేసుకో" అన్నారు. బంగారం కరెంటును చక్కగా మోస్తుంది. ప్లస్‌కూ బాడీకీ మధ్య గాజు తగిలితే అది క్షణంలో కాగిపోయి చెయ్యి కాలుతుంది. తీసి మావారి చేతికిచ్చాను. పాత కాటన్ చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు. తాళంచెవి జేబులో పెట్టుకుని, డ్రైవర్ వైపు అద్దం దించి ఉంచాను, కరెంటు తీశాక లాకులు మొండికేస్తే ఇబ్బంది లేకుండా.

ముందు మైనస్, తర్వాత ప్లస్. కారు బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పుతుంటే పానా కాస్త బాడీకి తగిలినా షార్టే. మైనస్ తీసేస్తే ఆ భయం ఉండదు. రెండింటికీ 10 నంబర్ పానా సరిపోయింది. ప్లస్ వైరు మూతి అంతా నీలం కలిసిన తెల్లటి పొడి. పట్టేసిన క్లాంపును సుత్తితో కొట్టకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగాను. టెర్మినల్ సీసం, మెత్తగా ఉంటుంది, కొడితే లోపల విరగొచ్చు.

సతాయించింది బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ బోల్టు. అది కింద లోతుగా ఉంది, తుప్పు పట్టింది. మామూలు పానా అందదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు సాకెట్ తగిలించి, తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగొచ్చి మళ్లీ పడితే గానీ కదల్లేదు. తీసిన బోల్టు కిందికి జారకుండా అంకుల్ తాడుకు కట్టిన అయస్కాంతం పట్టుకుని నిలబడ్డారు. "డిపోలో సగం ఉద్యోగం ఇదే నాకు" అన్నారు. బ్యాటరీ చిన్నదే అయినా దాదాపు పది కిలోలు. బానెట్ మీదికి వంగి ఎత్తాలి కాబట్టి నడుము జాగ్రత్త. ఒంచకూడదు, లోపల యాసిడ్.

ట్రేలో ఎండుటాకులు, ఎలుకలు లాక్కొచ్చిన పీచు. అదృష్టం, వైర్లు కొరకలేదు. సెల్లార్‌లో కొందరు ఇంజిన్ పక్కన పొగాకు కట్ట వేలాడదీస్తారు. అది పనిచేస్తుందో లేదో గానీ కారంతా కంపు. వంటసోడా గోరువెచ్చటి నీళ్లలో కలిపి వైర్ల మూతుల మీద పోస్తే బుస్సున పొంగి పొడి వదిలింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తడి లేకుండా తుడిచాను.

బిగించడం తిరగేసిన వరస: ముందు పట్టీ, తర్వాత ప్లస్, చివర మైనస్. మైనస్ తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వచ్చింది, అది మామూలే. మరీ గట్టిగా బిగించకూడదు, చేత్తో ఊపితే కదలకుండా ఉంటే చాలు. పైన వ్యాజిలిన్ పూత, ప్లస్ మీద ఎర్ర మూత.

సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. గడియారం పన్నెండుకు పోయింది, రేడియో స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాలి. డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకు పూర్తిగా ఎక్కడం మానేస్తే, పైదాకా ఎక్కించి బటన్ కొద్దిసేపు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది. స్టీరింగ్ గుర్తు లైటు కాసేపు వెలిగి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పితే ఆరిపోయింది. కారు నిలిపి ఉంచినప్పుడు ఇంజిన్ చప్పుడు ఆ రోజంతా కొంచెం ఎగుడుదిగుడుగా ఉండి తర్వాత సర్దుకుంది.

సెల్లార్‌లో పాతది చూసి వాచ్‌మన్ పాత సామాన్ల బండి అతన్ని పిలవనా అన్నాడు. వద్దన్నాను. వాళ్ల దగ్గరి నుంచి అది ఎక్కడో పెరట్లో పగలగొట్టి సీసం కరిగించే చోటికి చేరొచ్చు, ఆ పొగ పిల్లల మెదడుకు విషం. 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి చేరి రీసైక్లింగ్‌కు వెళ్లే బాధ్యత తయారీదారులదే. పాతదాన్ని ఒంచకుండా డిక్కీలో నిలబెట్టి షాపులో ఇచ్చి, డబ్బు తీసుకుని, వారంటీ కార్డు మీద తేదీ, సీలు వేయించుకున్నాను. ఆ కార్డు, బిల్లు ఫొటో తీసి ఫోన్లో పెట్టాను, షాపు బిల్లుల సిరా మన ఎండలకు మాయమైపోతుంది.