ఆంప్ కేక ఆగింది: ఇంట్లో ట్యూబ్ ఆంప్లిఫైయర్ కట్టిన నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకి నా ట్యూబ్ ఆంప్‌లో (ట్రాన్సిస్టర్ల బదులు పాతకాలపు గాజు ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) మొదటిసారి గిటార్ వినిపించింది. అంతకు ముందు పన్నెండు రోజులు అది కేకలు పెట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు.

నేను కట్టింది 1950ల నాటి ఫెండర్ కంపెనీ చిన్న గిటార్ ఆంప్ 'చాంప్' నమూనా, దాని 5ఎఫ్1 అనే సర్క్యూట్. మూడే ట్యూబులు: ముందు 12ఏఎక్స్7 (ఒకే గాజులో రెండు సగాలు), స్పీకర్‌ని నడిపే పవర్‌కి 6వి6, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌గా 5వై3. దాదాపు 5 వాట్లు, 8 అంగుళాల స్పీకర్, ఒక్క వాల్యూమ్ నాబ్. ఛాసిస్‌కి రంధ్రాలు, బోర్డు, సాకెట్లు అన్నీ రెండు ఆదివారాల్లో అయిపోయాయి. ట్యూబుల్ని వేడిచేసే హీటర్ తీగల దగ్గర మాత్రం తొందరపడలేదు. వాటిని తాడు పేనినట్టు గట్టిగా మెలిపెట్టాను. అక్కడ అశ్రద్ధ చేస్తే హమ్ (గుంయ్‌మనే మోత) తప్పదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మామూలు ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది. నా బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. అమ్మయ్య అనుకున్నాను.

బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చాను. ట్యూబులు వేడెక్కగానే స్పీకర్‌లోంచి చెవులు చిల్లులు పడేలా కీచుమని కేక. వాల్యూమ్ సున్నాకి తిప్పినా అదే, గిటార్ పీకేసినా అదే.

ఇలాంటివి చాలా కట్టానని చెప్పుకునే ఒకాయనకి ఫోటోలు చూపించాను. "సోల్డరింగ్ ఇలా ఉంటే అరవక ఏం చేస్తుంది? మొత్తం పీకి మళ్లీ చెయ్యి" అన్నాడు. అదీ నలుగురి ముందు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రాత్రులు కూర్చుని ప్రతి జాయింటూ కరిగించి మళ్లీ అతికించాను. కేక తగ్గలేదు. ట్యూబులు మార్చాను. తగ్గలేదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (6వి6కీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) అమ్మినవాళ్లని అడిగితే "మా సరుకులో లోపం ఉండదు, మీ వైరింగ్ చూసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

చివరికి డయాగ్రమ్ ముందేసుకుని కూర్చున్నాను. వాల్యూమ్ ఉండేది 12ఏఎక్స్7 రెండు సగాల మధ్య. దాన్ని సున్నా చేసినా కేక మారడం లేదంటే గొడవ దాని తర్వాతే ఉన్నట్టు. ఆ తర్వాత ఉన్నవి రెండో సగం, 6వి6, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. స్పీకర్ దగ్గర్నుంచి ఒక 22కె (22 వేల ఓమ్‌ల) రెసిస్టర్ వెనక్కి ఆ రెండో సగం క్యాథోడ్‌కి (ట్యూబు లోపలి ఒక కొస) వెళ్తుంది. అదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి వెళ్లి లోపలి దాన్ని కొద్దిగా తగ్గించాలి. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు తిరగబడితే అది తగ్గించే బదులు కలుపుతుంది. చుట్టు చుట్టుకీ పెరిగి పెరిగి ఆంప్ దానంతట అదే అరుస్తుంది.

నేను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నీలం తీగని 6వి6 ప్లేట్‌కి (సిగ్నల్ బయటికొచ్చే కొస), ఎరుపుని హై వోల్టేజికి, డయాగ్రమ్‌లో ఉన్నట్టే కట్టాను. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ట దిశ ఆ రంగులకి తగ్గట్టు లేదు.

ప్లగ్ పీకాను. పీకినా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టండి. ఈ విషయంలో ఎవరి ధైర్యాన్నీ నేను మెచ్చుకోను. 22కె రెసిస్టర్ ఒక కొస విప్పి, స్పీకర్ తగిలించే ఉందని చూసుకుని (అది లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు) స్విచ్ వేశాను. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ ఆపి, అన్నీ ఖాళీ చేసి, స్పీకర్ జాక్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ తీగలు రెండూ అటూ ఇటూ మార్చి, 22కె తిరిగి కలిపాను. కేక రాలేదు. 6వి6 క్యాథోడ్ దగ్గరి 470 ఓమ్ రెసిస్టర్ మీద 19 వోల్టులు చూపించింది, అంటే ఆ ట్యూబులో పారే కరెంటు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. ఉండాల్సిన చోటే ఉంది.

నా సోల్డరింగ్‌లో తప్పు లేదు. మొదటి రోజూ లేదు. నేర్చుకునేవాడి పని మీద తీర్పు చెప్పే ముందు పెద్దలు ఒక్క ప్రశ్న అడగాలి: వాల్యూమ్ సున్నా చేస్తే ఏమవుతోంది? ఆయన అదడిగి ఉంటే నాకు పది రాత్రులు మిగిలేవి.

నాబ్ సగం దాటించి గిటార్ మీద ఒక E కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించడం) కొట్టాను. గట్టిగా మీటితే అంచుల్లో గరగరమంటూ చీలింది, మెల్లగా మీటితే మళ్లీ తేటగా వచ్చింది. ఈ పొద్దున చెవి స్పీకర్‌కి ఆనించి విన్నాను, హమ్ ఉందంటే ఉంది, అంతే. ఇంక చెక్క పెట్టె చెయ్యాలి.