అమ్మమ్మ జపమాలతో ఐదవ పయస్ సమాధి దగ్గర

రోములోని సాంతా మరియా మజ్జోరే బసిలికాలో జనమంతా ఎడమ నడవ వైపే సాగిపోతున్నారు. అక్కడ పోపు ఫ్రాన్సిస్ సమాధి ఉంది. పాలరాతి మీద ‘ఫ్రాన్సిస్కుస్’ అన్న ఒక్క పేరు, ఒక తెల్ల గులాబీ. నేనూ వరుసలో నిలబడి దండం పెట్టుకున్నాను. కానీ నేను బయలుదేరి వచ్చింది కుడివైపు సిస్టీన్ ప్రార్థనాలయం కోసం. పదహారో శతాబ్దపు పోపు ఐదవ పయస్ దేహం అక్కడుంది.

మా అమ్మమ్మది ఫిరంగిపురం. తెలుగులో పూజ మొదలై ముప్పై ఏళ్లు దాటినా, గుడిలో ఆమె పెదవులు ‘ఎత్ కుమ్ స్పిరితు తువో’ అని లాటిన్‌లోనే కదిలేవి. అర్థం తెలియని ఆ జవాబు ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. కతోలిక సంఘ పెద్దలు కూడిన ట్రెంట్ మహాసభ తర్వాత, 1570లో ఈ పోపు వెలువరించిన పూజాగ్రంథమే చిన్న చిన్న మార్పులతో దాదాపు నాలుగు వందల ఏళ్లు నడిచి, ఆమె నోటిదాకా వచ్చింది. అక్టోబరులో ఆమె జరిపే జపమాల మాత పండుగకు మూలం కూడా ఒట్టోమన్ తురుష్కులపై క్రైస్తవ నౌకాదళం గెలిచిన 1571 నాటి లెపాంతో సముద్రయుద్ధం. ఆ విజయానికి గుర్తుగా ఈయన మొదలుపెట్టిన స్మరణే తర్వాత ఆ పండుగయింది.

సమాధి ముందు చాలాసేపు నిలబడ్డాను. ముదురాకుపచ్చ రాతి పెట్టె. దానికి బంగారు పూత కంచు పలక, పలక మీద పడుకున్న పోపు రూపం. ఆయన చేతుల మీదుగా కార్డినల్ అయి, తర్వాత తానూ పోపైన ఐదవ సిక్స్‌తుస్ కట్టించిన సమాధి ఇది. కట్టించినాయన విగ్రహం ఎదుటి గోడకు మోకాళ్ల మీద ఉంది.

గొర్రెలు కాసిన పిల్లవాడు పెరిగి ఐదవ పయస్ పోపయ్యాడు. పోపయ్యాకా సన్యాసిలాగే బతికాడు. అదే మనిషి 1569లో, రోము, అంకోనా తప్ప తన రాజ్యమంతటి నుంచీ యూదులను వెళ్లగొట్టాడు. పిల్లలతో, మూటలతో ఊళ్లు వదిలిన ఆ కుటుంబాలు గుర్తొచ్చి జోడించిన చేతులు సడలాయి. అమ్మమ్మకు ఈ సంగతి తెలియదు. నేను మాత్రం మరిచిపోలేను.

పక్కనే పాతికేళ్ల యువకుడొకడు లాటిన్ పూజాగ్రంథం తెరిచి మోకరించాడు. ఆ పాత లాటిన్ పూజకు 2007లో పోపు బెనెడిక్ట్ తలుపులు తెరిస్తే, 2021లో ఫ్రాన్సిస్ హద్దులు పెట్టారు. దాన్ని స్థిరపరచినవారూ, కట్టడి చేసినవారూ ఇక్కడ ఒకే కప్పు కింద ఉన్నారు.

సంచిలోంచి అమ్మమ్మ జపమాల తీశాను. ఆమె వేళ్లకు అరిగి పూసలు నునుపుదేలాయి. ‘దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా’ అని మెల్లగా పదిసార్లు చెప్పుకున్నాను. తెలుగు విని ఆ యువకుడు తలెత్తి చూశాడు. చివర నాతోపాటు ‘ఆమెన్’ అన్నాడు.