పేను కొరకని పేనుకొరుకుడు

నా తలలో మొదటి ఖాళీని చూసింది నేను కాదు, మా చెల్లి. జడ వేస్తూ వేస్తూ దువ్వెన ఆపేసి, "అక్కా, ఇక్కడ జుట్టు లేదేంటి?" అంది. కుడి చెవికి కాస్త పైన, వెనకవైపు. వేలు పెట్టి తడిమి చూసుకున్నాను. చుట్టూ ఒత్తుగా జుట్టు, మధ్యలో బొటనవేలి గోరంత మేర చెంపలా నున్నగా తగిలింది. దురద లేదు, నొప్పి లేదు, పొట్టు లేవడం లేదు. దెబ్బ తగిలి ఉంటే, కాలి ఉంటే గుర్తుండేది. ఏమీ జరగని చోట జుట్టు మాత్రం లేకుండా పోయింది.

అమ్మ వచ్చి ఒక్క చూపు చూసి, "పేనుకొరుకుడే ఇది" అంది.

ఆ పేరు విన్నాక ఎవరికైనా వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. చెల్లి మూడు రోజులు ఈరుపెనతో దువ్వింది. పేను సంగతి అటుంచి, ఒక్క ఈరు కూడా దొరకలేదు. అయినా ఆ రోజు నుంచి నా దువ్వెన, తువ్వాలు విడిగా పెట్టేసుకున్నాను. ఇంట్లో ఎవరూ పెట్టుకోమనలేదు, సిగ్గేసి నేనే పెట్టుకున్నాను. చెల్లి కూతురికి నా పక్కన పడుకోవడం అలవాటు. నా తలగడ మీద తల పెట్టినప్పుడల్లా పిల్లను మెల్లగా పక్కకు జరిపేదాన్ని. దాదాపు రెండు నెలలు అలాగే చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే దానికి ఏ అవసరమూ లేదు. పేనుకొరుకుడు పేల వల్ల రాదు. ఏ పురుగూ కొరకదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు.

ఆ రెండు నెలల్లో చేసిన పొరపాట్లు ఇంకా ఉన్నాయి. తామర అనుకుని ఎవరినీ అడక్కుండా ఫంగస్ క్రీము తెచ్చి మూడు వారాలు రాశాను. తామరైతే సాధారణంగా పొట్టు, దురద ఉంటాయని, తలలో వస్తే పై పూత క్రీముతో పోదని, నోటిద్వారా మందులు వేసుకోవాల్సి వస్తుందని తర్వాత తెలిసింది. తెలిసినవాళ్లు ఘాటైనవేవో నూరి రుద్దమంటే రుద్దాను. బొబ్బలెక్కి, రసి కారి, వారం రోజులు పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. ఆ బొబ్బలు మానేలోపు మాడు మీద రెండో ప్యాచ్ కనిపించింది. అప్పుడు వెళ్లాను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి.

డాక్టరుగారు ముందు నా తల చూడలేదు, చేతులు చూపించమన్నారు. గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు సన్నని గుంటలు వరసగా ఉన్నాయి. చాలా నెలలుగా ఉన్నాయవి, నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత చిన్న దీపం ఉన్న భూతద్దం లాంటి పరికరంతో, డెర్మోస్కోప్ అంటారట దాన్ని, ప్యాచ్ అంచులు చూశారు. తెరమీద నాకూ చూపించారు. అంచున పొట్టి పొట్టి వెంట్రుకలు, చివర లావుగా, కుదురు దగ్గర సన్నగా, అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తులా ఉన్నాయి. ప్యాచ్ పక్కనున్న జుట్టును వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే ఐదారు వెంట్రుకలు ఊడి వచ్చాయి. అంటే జబ్బు ఇంకా జోరు మీదే ఉందని అర్థం.

"అలోపేషియా ఏరియేటా. మన వాళ్లు పేనుకొరుకుడు అంటారు" అన్నారు.

"ఇమ్యూనిటీ తగ్గిపోయి వచ్చిందాండీ?" అని అడిగాను.

"తగ్గి కాదమ్మా. దారి తప్పి."

ఆ మాటతో మొదలుపెట్టి ఆవిడ చెప్పింది నాకు మందుకంటే ముందు పనిచేసింది. అందుకే నాకు అర్థమైన మేరకు ఇక్కడ రాస్తున్నాను. మన ఒంట్లో రోగనిరోధక కణాలు అన్ని చోట్లా తిరుగుతూ పరాయిదేదో పసిగడుతుంటాయి. పెరిగే దశలో ఉన్న జుట్టు కుదురు మాత్రం వాటి కంట పడకుండా ఒక తెర చాటున ఉంటుంది. శరీరంలో అలాంటి రక్షణ ఉన్న చోట్లు కొన్నే. ఏ కారణం చేతనో ఆ తెర తొలగితే, టీ కణాలు అనే రకం తెల్ల రక్తకణాలు కుదురు అడుగున చేరి, దాన్ని శత్రువనుకుని దాడి చేస్తాయి. చర్మం ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే కుదురు చుట్టూ తేనెటీగలు ముసిరినట్టు కనిపిస్తాయట. దాంతో వెంట్రుక పెరగడం ఆగి, బలహీనపడి, విరిగి రాలిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. దాడి జరిగేది కుదురు అడుగున. కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు ఉండేది ఇంకాస్త పైన. వాటి జోలికి దాడి పోదు. అందుకే పేనుకొరుకుడులో మచ్చ కట్టదు, కుదురు చావదు. నెలలు గడిచినా, ఏళ్లు గడిచినా మళ్లీ మొలిచే శక్తి అందులో ఉంటుంది. "బోసిగా కనిపిస్తోంది కానీ కుదుళ్లన్నీ లోపలే ఉన్నాయమ్మా" అన్నారు డాక్టరుగారు. నేను అక్కడే ఏడ్చేశాను.

మన భాష పేను అనుకుంది. అలోపేషియా అన్న మాట గ్రీకులో నక్క నుంచి వచ్చిందట, గజ్జి పట్టిన నక్కకు బొచ్చు రాలినట్టు ఉందని. ఆయుర్వేదంలో దీన్ని ఇంద్రలుప్తం అన్నారు. కుదురు లోపల జరిగేది కంటికి కనిపించని కాలంలో పెట్టిన పేర్లవి, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఆ పేరు వినగానే తలలో పురుగుందని నమ్మి, ఒక పిల్లనో పిల్లాడినో బడిలో దూరం కూర్చోబెడితే మాత్రం తప్పే.

రక్తపరీక్షలు చేశారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి థైరాయిడ్ సమస్య, బొల్లి, ఉబ్బసం వంటివి కూడా ఉండే అవకాశం ఉందని. నాకు థైరాయిడ్ బాగానే ఉంది. విటమిన్ డి తక్కువుంటే మాత్రలిచ్చారు, వాటివల్లే జుట్టు వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నారు.

చికిత్స అంటే ఇంజెక్షన్లు, నేరుగా తలలోకే. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను పలచన చేసి, నాకైతే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, సన్నటి సూదితో ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు ఇచ్చేవారు. సెంటీమీటరుకొకటి చొప్పున ప్యాచ్ అంతా. స్టెరాయిడ్ అనగానే ఒళ్లు ఉబ్బుతుందేమోనని భయపడ్డాను. ఇంత కొద్దిగా, చర్మంలోకే ఇచ్చేది కాబట్టి ఒంటి మీద ప్రభావం తక్కువని, ఎక్కువైతే మాత్రం ఆ చోట చర్మం పలచబడి చిన్న గుంట పడొచ్చని ముందే చెప్పారు. నాకు ఒక చోట పడింది, కొన్ని నెలల్లో పూడింది. నొప్పి గురించి అబద్ధం చెప్పను. మాడు మీద పన్నెండు పోట్లు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. రెండోసారి నుంచి ముందుగా మొద్దుబారే క్రీము రాసి, ఐసు పెట్టేవారు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్లాలి. మధ్యలో ఇంటి దగ్గర స్టెరాయిడ్ లోషన్, జుట్టు పెరగడానికి రాసుకునే మినాక్సిడిల్ అనే మందు.

ఆరు వారాలకు మొదటి ప్యాచ్‌లో నూగు కనిపించింది. వేలి కొనతో రాస్తే పీచు బట్టలా తగిలింది. ఆ సంతోషం పది రోజులు నిలిచింది. ఎడమ కణత దగ్గర కొత్తది మొదలైంది. ఆ వెనకే ఎడమ కనుబొమ్మ చివర.

ఇంజెక్షన్ పొడిచిన చోట జుట్టు మొలిపిస్తుంది కానీ, వేరే చోట కొత్త ప్యాచ్ రాకుండా ఆపలేదు. ఈ సంగతి ముందే చెప్పారు, నేనే సరిగ్గా వినలేదు. తలలోది జడ చాటున దాచుకోవచ్చు. కనుబొమ్మ ఎలా దాచుకుంటాను? అద్దంలో నా ముఖం నాకే కొత్తగా కనిపించేది. పెన్సిలుతో గీసుకుని పనికి వెళ్లేదాన్ని, చెమట పడితే చెరిగిపోయిందేమోనని గంటకోసారి బాత్రూముకి. ఎవరైనా మాట్లాడుతూ నా కళ్ల పైకి చూస్తే గుండె జారేది. జుట్టు పోతే ప్రాణం పోతుందా అని కొందరు మంచిమాటగానే అన్నారు. ప్రాణం పోదు, నిజమే. కానీ ఆ నెలల్లో నేను ఒక్క పెళ్లికీ వెళ్లలేదు, ఒక్క ఫోటో దిగలేదు, గాలి వీస్తే తల పట్టుకుని నడిచాను. ఇది కేవలం అందం గొడవ అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

రాత్రిళ్లు ఫోనులో చదివేదాన్ని. తలంతా పోతే టోటాలిస్, ఒళ్లంతా పోతే యూనివర్సాలిస్ అని. మర్నాడు వెళ్లి నాకూ అలా అవుతుందా అని అడిగాను. డాక్టరుగారు ఊరికే ధైర్యం చెప్పలేదు, ఉన్నది చెప్పారు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బిది, కొద్ది ప్యాచ్‌లతో మొదలైన వాళ్లలో ఎక్కువమంది అంతదూరం పోరు, చాలామందికి ఏడాదిలోపు దానంతటదే మొలుస్తుంది కూడా. చిన్నప్పుడే రావడం, మెడ పైన పట్టీలా ఊడటం, గోళ్లు దెబ్బతినడం, ఇవి కాస్త మొండిదనానికి గుర్తులు. నాకు గోళ్ల గుంటలున్నాయి కాబట్టి జాగ్రత్తగా చూద్దామన్నారు.

ఒకవేళ సగం తల పైగా పోతే? దానికిప్పుడు మాత్రలున్నాయని చెప్పారు. దాడి చేసే కణాలకు సంకేతం అందకుండా అడ్డుకునే జాక్ ఇన్హిబిటర్లు. అమెరికాలో 2022లో పెద్దవాళ్లకు బారిసిటినిబ్, 2023లో 12 ఏళ్లు, ఆ పైబడినవారికి రిట్‌లెసిటినిబ్ ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవారికోసమే అనుమతి పొందాయి. బారిసిటినిబ్ పరీక్షల్లో రోజుకు 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువమందికి 36 వారాలకు తలలో కనీసం 80 శాతం మేర జుట్టు ఉంది. మొదలుపెట్టే ముందు క్షయ వంటి ఇన్ఫెక్షన్లు లేవని చూసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకోవాలి, ఆపేస్తే చాలామందికి మళ్లీ ఊడుతుంది. నాకు వాటి అవసరం రాలేదు. కానీ అలాంటివి ఉన్నాయని తెలిసిన రాత్రి నిద్రపట్టింది.

ఇక టెన్షన్ సంగతి. నా ప్యాచ్ చూసిన ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఏం టెన్షన్ పెట్టుకున్నావే?" విని విని నేనూ వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఫలానా గొడవా? నిద్ర లేని ఆ నెలా? కొందరిలో ఒత్తిడి తర్వాత మొదలైన మాట ఉంది కానీ, అదే కారణమని గట్టిగా చెప్పలేమని, జన్యువుల పాత్ర మాత్రం ఉందని డాక్టరుగారు అన్నారు. "మీరు చేసిందేదో వల్ల ఇది రాలేదు. మీరు సరిగ్గా లేకపోవడం వల్లా రాలేదు" అన్నారు. అమ్మను కూడా ఒకసారి తీసుకెళ్లి ఆ మాట ఆవిడ నోటితోనే వినిపించాను. అమ్మ ఆ తర్వాత ఎవరైనా టెన్షన్ మాట ఎత్తితే తనే జవాబు చెప్పేది.

కనుబొమ్మకు ఇంకా పలచటి మందు, మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు, ఇచ్చారు. మూడు విడతలు. ముందు పసిపాప కనుబొమ్మలా వచ్చింది, తర్వాత నల్లబడింది. మాడు మీద వచ్చినవి తెల్లగా వచ్చాయి. నాకప్పటికి ముప్పై నాలుగేళ్లు. చెల్లి కంగారుపడింది కానీ, మొదట రంగు లేకుండా మొలిచి తర్వాత రంగెక్కడం ఇందులో మామూలే. దాడి కూడా రంగున్న వెంట్రుకల మీదే ఎక్కువ, కణత దగ్గరి ప్యాచ్‌లో అంతకుముందున్న రెండు తెల్ల వెంట్రుకలు మాత్రం ఊడకుండా నిలబడ్డాయి. రాత్రికి రాత్రే తల నెరిసిందని చెప్పే పాత కథల్లో కొన్నిటికి ఇదే కారణం కావచ్చంటారు, నల్లవన్నీ రాలి తెల్లవి మిగలడం. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగాయి. ఏడాది గడిచేసరికి ఒకే వెంట్రుక కొసన తెలుపు, కుదురు దగ్గర నలుపు. చెల్లి కొసలు కత్తిరించనా అంది. వద్దన్నాను. నల్లబడుతున్న మేర ఎంతో వాటిని చూసే తెలిసేది.

పదకొండో నెలలో ఇంజెక్షన్లు ఆపేశారు. రెండేళ్లు ఏమీ లేదు. మళ్లీ రావచ్చని చెప్పే పంపారు.

పోయిన నెల చెల్లి మళ్లీ దువ్వెన ఆపింది. ఈసారి మెడకు పైన, శనగగింజంత. "అక్కా..." అని ఊరుకుంది. ఫోటో తీయమన్నాను. పక్కన స్కేలు పెట్టి తీసింది. పొద్దున్నే డాక్టరుగారికి ఫోను చేసి గురువారానికి టైము తీసుకున్నాను. ఆ రాత్రి పిల్ల వచ్చి నా తలగడ మీద తల పెట్టి, నా జడ చేత్తో పట్టుకుని నిద్రపోయింది. నేను పక్కకు జరపలేదు.